బూటుకీ పంట్లాముకీ మధ్య

తేనెటీగలు పెంచేవాడు మొహానికి ముసుగు వేసుకోవాలని లోకంలో ప్రతివాడూ చెబుతాడు. కాళ్ల సంగతి ఒక్కడూ చెప్పడు. చెప్పి ఉంటే మా ఇంట్లో నా పరువు కాస్తయినా మిగిలేది. మీకు తేనెటీగలు లేకపోవచ్చు. అయినా మీ ఆవిడ వద్దన్న వస్తువు కొనుక్కొచ్చి, అటక మీద దాచి, అది అక్కడుందని ఆవిడకి తెలిసినా తెలియనట్టు ఇద్దరూ నటించిన రోజులు ఉండే ఉంటాయి. అది చాలు, నా బాధ మీకు అర్థమవుతుంది.

మాది కోనసీమ. హైస్కూల్లో సోషల్ మేష్టారుగా చేసి రిటైరయ్యాను. రిటైరైన మగాడు ఇంట్లో ఎంత అడ్డమో మీకు నేను చెప్పాలా? వేళ కాని వేళ కాఫీ అడుగుతాడు. పేపరు పైకి చదువుతాడు. పప్పు ఎంతసేపు ఉడకాలో సలహా ఇస్తాడు. మా ఆవిడ ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని, "ఏవండీ, కొబ్బరితోటలోకి వెళ్లి ఏదో ఒకటి పెంచుకోకూడదూ?" అంది. ఆవిడ ఉద్దేశం బెండ మొక్కలు. నేను తేనెటీగలు అనుకున్నాను.

శిక్షణకి కూడా వెళ్లొచ్చానండోయ్. కొబ్బరి ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది కాబట్టి ఈగలకి పుప్పొడికి లోటుండదన్నారు. మన నాటు తేనెటీగలకి న్యూటన్ పెట్టె సరిపోతుందన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడతో, "చూశావా, యాపిల్ పండు పడితే భూమ్యాకర్షణ కనిపెట్టిన మహానుభావుడు తీరిక వేళల్లో తేనెపెట్టెలు కూడా చేశాడు" అన్నాను. తీరా చూస్తే ఆ న్యూటన్ వేరు. 1910ల్లో దక్షిణాదిలో ఈ పని నేర్పిన ఒక క్రైస్తవ ఫాదరట. ఈ సంగతి బయటపెట్టింది మా అమ్మాయి. హైదరాబాదులో ఉంటుంది, జువాలజీ చదివింది, ఫోనులోంచే నన్ను దిద్దుతూ ఉంటుంది. "ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఇలాగే చెప్పారా?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకి నేనింకా జవాబు వెతుక్కుంటున్నాను.

పెట్టెలతోపాటు జాలీ ముసుగు, చేతి తొడుగులు, పొగడబ్బా, చట్రాలు ఊడదీసే ఇనప పట్టీ వచ్చాయి. స్టాండు కాళ్ల కింద చీమలెక్కకుండా నీళ్ల గిన్నెలు పెట్టమన్నారు. ఆ గిన్నెలు మా వంటింట్లోంచి ఎలా మాయమయ్యాయన్న దానిమీద దర్యాప్తు ఇప్పటికీ నడుస్తోంది. ఇంత సరంజామాలో పాదాలకి మాత్రం ఏమీ లేదు.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. పెట్టె తీసి చట్రం దులిపినప్పుడు కొన్ని ఈగలు గడ్డిలో పడతాయి. నేల మీద పడ్డ ఈగ ఎదురుగా నిటారుగా ఏది కనబడితే దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. మా తోటలో నిటారుగా ఉండేవి కొబ్బరిచెట్లూ, నేనూ. ఇద్దరిలో పెట్టెకి దగ్గరగా ఉండేది నేను.

మొదట హవాయి చెప్పులతోనే వెళ్లాను. మన ఊళ్లలో పొలానికీ, పెరట్లోకీ, పేరంటానికీ అవే కదా. పైన తెల్ల ముసుగు, చేతులకి తొడుగులు, చేతిలో కొబ్బరిపీచు రాజుకుంటున్న పొగడబ్బా. నడుం పైన వ్యోమగామిని, నడుం కింద రిటైర్డు మేష్టారుని. మూత లేపానో లేదో చీలమండ మీద చురుక్కుమంది. కుట్టిన చోటే ఇంకోటి కుట్టింది, దాని పక్కనే మరోటి.

అది వాటి పద్ధతి. ఒక ఈగ కుట్టిన చోట ఒక వాసన వదుల్తుంది. "ఇదిగో వీడే, ఇక్కడే పొడవండి" అని మిగతావాటికి కబురన్నమాట. ఆ వాసనలో ముఖ్యమైన సరుకు ఐసోఅమైల్ అసిటేట్ అని, పండిన అరటిపండు వాసనకి మూలం కూడా అదేనని తర్వాత తెలిసింది. అందుకే పెట్టె దగ్గరికి వెళ్లేముందు అరటిపండు తినొద్దని పాతకాపులు చెబుతారు. "నేనేం తినలేదే!" అన్నాను కుంటుతూ. మా ఆవిడ అరుగు కింద నుంచి తొక్క తీసి చూపించింది. "చక్కెరకేళి. అదీ నైవేద్యానికని దాచింది." ఒక్క తొక్కతో రెండు నేరాలు రుజువైపోయాయి.

ఈలోగా కాల్లో కొండి అలాగే ఉంది. దానికి వెనక్కి తిరిగిన సన్నటి ముళ్లుంటాయి, అందుకే దిగితే ఊడిరాదు. కుట్టిన ఈగ చచ్చిపోతుంది గానీ, కొండితోపాటు ఊడొచ్చిన విషపు తిత్తి ఇంకా కొట్టుకుంటూ విషం ఎక్కిస్తూనే ఉంటుంది. దాన్ని వేళ్లతో పట్టి లాగకూడదు, కార్డు అంచుతో గీకాలి అని నేనెక్కడో చదివాను. "ఆగు, ఆగు, ఏటీఎం కార్డు తెస్తా" అంటూ ఇంట్లోకి బయల్దేరాను. కార్డు బీరువాలో ఉంది. బీరువా తాళం ఎక్కడుందో మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ నన్ను అరుగు మీద కూలేసి, కాలు ఒళ్లో పెట్టుకుని, గోళ్లతో చటుక్కున లాగి పారేసింది.

"శాస్త్రం ఒప్పుకోదు" అన్నాను. సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి ఫిర్యాదు కూడా చేశాను. "నాన్నగారూ, 1996లోనే కాలిఫోర్నియా వాళ్లు పరీక్ష చేసి తేల్చేశారు. ఎలా లాగామన్నది కాదు, ఎంత తొందరగా లాగామన్నదే లెక్క. అమ్మే కరెక్టు" అంది. మా అమ్మాయితో ఏ విషయం మొదలుపెట్టినా చివరికి ఆ రెండు ముక్కల దగ్గరే ఆగుతుంది.

సరే, చెప్పులు పనికిరావు. బూట్లు కావాలి. ఇంట్లో నా రిటైర్మెంటు సన్మానానికి కొన్న నల్ల తోలు బూట్లున్నాయి. వాటికి పాలిష్ పెట్టి, చలికాలానికని మా అమ్మాయి పంపిన ఉన్ని మేజోళ్లు తొడిగి, లేసులు బిగించి వెళ్లాను. తేనె దొంగలైన ఎలుగుబంట్ల కాలం నుంచీ తేనెటీగకి ముదురు రంగంటే పడదంటారు. ఉన్ని సంగతి మరీ దారుణం. దాని నూగులో ఈగ కాలి గోళ్లు చిక్కుకుంటాయి. చిక్కుకున్న ఈగ భయపడుతుంది. భయపడ్డ ఈగ ఏం చేస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒకటి లేసు ముడి కింద ఇరుక్కుంది. రెక్కలు కనబడటం లేదు, సగం పొట్ట మాత్రం బయటికొచ్చి పైకీ కిందికీ ఆడుతోంది, ముడి మొత్తం జుయ్‌మంటోంది. విప్పుదామంటే చేతి తొడుగులతో ముడి అందదు. తొడుగులు తీద్దామంటే ధైర్యం చాలదు. ఆ ముడి వైపు చూస్తూ నిలబడిపోయాను. దూరం నుంచి చూసినవాళ్లు మేష్టారు సంధ్యావందనం చేస్తున్నారనుకున్నారట.

అప్పుడు చదివాను అసలు మాట. తేనెటీగకి ఎరుపు కనబడదు! ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ వాటి చూపు మీదా నాట్యం మీదా జీవితమంతా పనిచేశాడు. 1973లో నోబెల్ కూడా అందుకున్నాడు. ఇంకేం కావాలి? కనబడని రంగు బూట్లు వేసుకుంటే నేను కనబడను. ఇంత సులువైన ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు జాలిపడుతూ, ఇంట్లో చెప్పకుండా ఫోనులో ఎర్ర రబ్బరు బూట్లు ఆర్డరిచ్చాను.

పార్సిలు వచ్చిన రోజున మా ఆవిడ వాటిని తిప్పి తిప్పి చూసి, "పక్కవాళ్ల పశువులపాక మీదుగా వెళ్లకండి, ఆంబోతు ఉంది" అని మాత్రం అంది. నేను నవ్వుకున్నాను. తోటలోకెళ్లాను. అదృశ్యుడి నడక ఎలా ఉంటుందో అలా నడిచాను. తేనెటీగలు తిన్నగా బూట్ల మీదకే వచ్చాయి.

"నాన్నగారూ, ఎరుపు కనబడదంటే ఆ వస్తువు మాయమైపోతుందని కాదు, వాటి కంటికి నల్లగా కనబడుతుందని" అంది మా అమ్మాయి. అంటే నేను బోలెడు డబ్బు పోసి, పోస్టేజీ కట్టి, సన్మానం బూట్ల రంగునే మళ్లీ కొన్నాను. ఆ ఎర్ర బూట్లు ఇప్పుడు అటక మీద ఉన్నాయి. వాటి పక్కన ఏమేమున్నాయో అడక్కండి.

ఇక మిగిలింది గంబూట్లు. అమలాపురంలో చెప్పుల కొట్టతను నా దగ్గర చదువుకున్నవాడు. శిష్యుడి కొట్టుకి వెళ్తే ఒక సుఖం, ఒక కష్టం. సుఖం, కుర్చీ వేసి కూల్‌డ్రింకు తెప్పిస్తాడు. కష్టం, మనం చెప్పింది తప్పయినా ఎదురు చెప్పడు. "నాది తొమ్మిదో నంబరు" అన్నాను. ఎందుకో చిన్నప్పట్నుంచీ నాది తొమ్మిదనే నా నమ్మకం. ఏడు అంటే మగాడి పాదం అనిపించదు. అతను నా పాదం వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు, పదో తరగతిలో భారతదేశ పటం తప్పు గీసినప్పుడు నేను మెలేసిన చెవి ఓసారి తడుముకున్నాడు, తొమ్మిది తీసిచ్చాడు. ముదురాకుపచ్చవి, మోకాలి దాకా వచ్చేవి. కొట్టు అద్దంలో చూసుకుంటే అచ్చం ఫారెస్టు ఆఫీసరు. ఫోటో తీయించుకుని రిటైర్డు మేష్టర్ల గ్రూపులో పెట్టాను కూడా.

ఇంటికి రాగానే మా ఆవిడకి పాఠం మొదలుపెట్టాను. "ఈ బూట్లని సామాన్యంగా చూడకు. వీటికి వెల్లింగ్టన్ బూట్లని పేరు. ఆ వెల్లింగ్టన్ డ్యూకే ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో శ్రీరంగపట్నం మీద టిప్పు సుల్తానుతో యుద్ధానికి మన నైజాం సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్లింది ఆయనే. తర్వాత ఇంగ్లండులో తన చెప్పులవాడి చేత తోలు బూటు ఒకటి కొత్తరకంగా కుట్టించుకున్నాడు. 1850ల్లో రబ్బరు కలిసొచ్చి..."

"ఆయనెవరో బూట్లు గుమ్మం బయట విడిచేవాడా?" అంది. నేను కిందికి చూసుకున్నాను. గడప దాటి నడింట్లో ఉన్నాను. ఆ రోజు నుంచి గంబూట్ల నివాసం పెరటి అరుగు. బయట పెట్టిన బూటుని తలకిందులు చేసి దులపకుండా కాలు పెట్టకూడదని కూడా అక్కడే తెలిసింది. ముందు కప్ప తెలుసుకుంది, తర్వాత నేను.

గంబూటు తేనెటీగకి లొంగదు, నిజమే. రబ్బరు నున్నగా ఉంటుంది, కొండి దిగదు. కానీ నేను ఫారెస్టు ఆఫీసరు వరసలో పంట్లాం కొసలు బూట్లలోకి దోపాను. ఏడో నంబరు కాలు, తొమ్మిదో నంబరు బూటు. పిక్కకీ రబ్బరుకీ మధ్య బెత్తెడు ఖాళీ. చట్రం దులిపినప్పుడల్లా రాలిన ఈగలకి ఆ బూటు మూతి గరాటయి కూర్చుంది. నాకు తెలియదు. నేను రాణి ఈగ కోసం వెతుకుతున్నాను.

మొదట పిక్క మీద ఏదో చక్కిలిగింత. చెమటనుకున్నాను. గంబూట్లలో చెమటకి కొదవేముంది? ఆ చెమట మెల్లిగా మోకాలి వైపు ఎక్కసాగింది. చెమట కిందికి కారాలి గానీ పైకెక్కదని సోషల్ మేష్టారుకి కూడా తెలుసు. ఆ తర్వాత జరిగింది పరుగు కాదు, నాట్యం అనాలి. వాన్ ఫ్రిష్ మహాశయుడు చూసి ఉంటే ఇంకో నోబెల్‌కి సరిపడా సరుకు దొరికేది. చెమటకి పాదం రబ్బరుకి అతుక్కుపోయింది, బూటు ఊడదు. నేను కొబ్బరిచెట్టు కావలించుకుని ఒంటికాలి మీద నిలబడితే, మా ఆవిడ రెండో కాలి బూటు పట్టుకుని వెనక్కి లాగుతోంది. ప్రహరీ మీదుగా పక్కింటి అన్నయ్యగారు తొంగిచూసి, "చెల్లెమ్మా, సాయం పట్టమంటావా?" అన్నారు. నన్నడగలేదు, గమనించారా?

బూటు ఊడింది. ఆవిడ వెనక్కి, నేను ముందుకి. ఈగ తాపీగా ఎగిరిపోయింది. అది కుట్టనే లేదు. కుడితే కాస్త పరువుండేది.

ఆ రాత్రి మా ఆవిడ నా బూట్లు ముందేసుకుని కాసేపు చూసింది. తర్వాత అంది: "మీరు ఇన్నాళ్లూ బూటు గురించే ఆలోచిస్తున్నారు. ఈగకి బూటుతో పనేవిటండీ? దానికి కావాల్సింది బూటుకీ పంట్లాముకీ మధ్య సందు." బియ్యం డబ్బాలోకి పురుగు ఎక్కణ్నుంచి దూరుతుందో, పంచదారకి చీమ ఏ చీలికలోంచి వస్తుందో, తలుపు కింద ఎంత ఖాళీ ఉంటే ఎలక పడుతుందో ఆవిడ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్న సంగతులే. నేను చూసింది అద్దం.

మర్నాడు దారం పెట్టి నా పాదం కొలిచింది. భీమవరం వైపు ఉన్న వాళ్ల పిన్ని కూతురికి ఫోను చేసింది. అక్కడ రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లు తెల్ల గంబూట్లు తొడుక్కుంటారు కదా, అటువంటివి ఏడో నంబరు ఒక జత పంపమంది. తెలుపు ఈగలకి అంతగా కోపం తెప్పించదు. ఎండకి తొందరగా వేడెక్కదు. ఇన్ని పుస్తకాలు చదివి నేను ఎరుపు కొన్నాను, ఆవిడ రొయ్యలవాళ్లని చూసి తెలుపు తెప్పించింది.

బూట్లు రాగానే అటక మీద పాత సైకిలు ట్యూబు తీసి రింగులుగా కోసింది. మేజోళ్లు నూలువి, తెల్లవి. పంట్లాం కొస బూటు లోపలికి కాదు, బూటు మీదకి దింపి, దానిపైన ట్యూబు రింగు తొడిగింది. ఇక ఈగ కిందనుంచి పాకి వస్తే రింగు దగ్గర దారి మూసేసి ఉంటుంది. అది పంట్లాం పైనుంచి షికారు చేసి ఎగిరిపోవాల్సిందే. చూడ్డానికి మాత్రం ఫారెస్టు ఆఫీసరు పోయి, రొయ్యలు ఒలవడానికి వచ్చిన మేష్టారు మిగిలాడు. గ్రూపులో ఫోటో పెట్టలేదు.

ఇంత జాగ్రత్తగా వెళ్తే ఆ రోజు కొబ్బరి దింపు తీసే కుర్రాడు అక్కడున్నాడు. ఉత్త కాళ్లు, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ. పెట్టె పక్కనే నిలబడి బీడీ దాచుకుంటూ, "మేస్టారూ, తవరు బూట్లేసుకుని దబదబా నడుత్తుంటే పెట్టి అదిరిపోతందండి. ఆటికి కంగారండి. మెల్లిగా రండి, ఏం సేయవు" అన్నాడు. నిజమే, అదురు తగిలితే పెట్టె లోపల అన్నీ ఉలిక్కిపడతాయి. అతను చెట్టెక్కినంత నెమ్మదిగా నడుస్తాడు. నేను పిల్లలు అల్లరి చేస్తున్న క్లాసులోకి వెళ్లినట్టు నడుస్తాను. అది ముప్ఫై ఏళ్ల అలవాటు, ఏ బూటూ మాన్పించలేదు.

ఈ మాట ఇంట్లో చెప్పకూడదనే అనుకున్నాను. కానీ దింపు కుర్రాడు మజ్జిగ తాగుతూ మా ఆవిడకి చెప్పేశాడు. ఆవిడ, "ఏదీ, ఓసారి నన్ను చూడనివ్వండి" అని నా మేజోళ్ల మీద ఇంకో జత మేజోళ్లు తొడిగి, ఆ తెల్ల బూట్లు వేసుకుని, చీర మీద నా పాత పంట్లాం ఎక్కించి, ట్యూబు రింగులు బిగించి బయల్దేరింది. పాలు పొంగకుండా చూసేటప్పుడు ఎంత నిదానమో అంత నిదానంగా మూత లేపింది. ఒక్క ఈగ లేవలేదు. చట్రం మీద రాణి ఈగని వెంటనే చూపించింది కూడా. అంతకాలంగా నేను వెతుకుతున్న రాణి అదే.

అప్పట్నుంచీ పెట్టెలు ఆవిడవే. నాది పొగడబ్బా. పొగకి ఈగల హెచ్చరిక వాసన చెదిరిపోతుందనీ, అవి తేనె కడుపునిండా తాగే పనిలో పడతాయనీ ఆవిడకి వివరించబోతే, "పొగ నా కళ్లలోకి వస్తోంది, అటు తిప్పండి" అంటుంది. తేనె సీసాల మీద పేరు రాసేటప్పుడు మాత్రం దయతలచి నా పేరే రాయమంది. అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. "అమ్మే కరెక్టు" అంది. దేనికో నాకు తెలియలేదు, అడగలేదు.

మీలో ఎవరికైనా ఈ సరదా పుడితే నా మాట వినండి. తెల్లటివి, నున్నటివి, లేసుల్లేనివి కొనండి. పంట్లాం బూటు మీదకే దించండి. అరటిపండు తర్వాత తినండి. కుట్టాక ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఊపిరాడకపోయినా బూట్ల గొడవ పక్కనపెట్టి ఆస్పత్రికి పరుగెత్తండి. అన్నిటికంటే ముఖ్యం, కొట్టుకి వెళ్లేటప్పుడు మీ పాదంతోపాటు మీ ఆవిడ పాదం కొలత కూడా పట్టుకెళ్లండి. చివరికి తొడుక్కునేది ఎవరో చెప్పలేం.